వానలకు ముందే: స్కాన్ చేసిన పాత రికార్డులకు జాగ్రత్తలు

అక్టోబరు నుంచి తిరుపతికి ఈశాన్య రుతుపవనాల కాలం. 2021 నవంబరు వరద గుర్తుందిగా? తాళపత్రాలు, దస్తావేజులు స్కాన్ చేసి దాచినవాళ్లు ఇవి చూసుకోండి.

• మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో. ఒకటి మదనపల్లె లాంటి దూరపు ఊళ్లో. తిరుపతిలోనే రెండిళ్లలో పెడితే ఒకే వరదకు రెండూ పోవచ్చు.

• క్లౌడ్ సింక్‌ను (కంప్యూటర్లోని ఫైళ్లను ఆన్‌లైన్ ఖాతాతో ఎప్పటికప్పుడు సరిసమానంగా ఉంచే పద్ధతి) బ్యాకప్ అనుకోవద్దు. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది.

• కాపీ చేసే ముందు షా-256 చెక్‌సమ్ (ఫైలు లోపలి డేటా నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి కోడ్) తీసి, చేశాక మళ్లీ తీసి పోల్చండి. ఫైలు లోపల పాడైనా పేరు, సైజు, తేదీ మారకపోవచ్చు.

• అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైపు చేసిన సూచీలను యూనికోడ్‌లోకి (కంప్యూటర్లన్నీ గుర్తించే అక్షరాల పద్ధతి) మార్చండి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అవి పిచ్చిగీతలే. మార్చాక ఒత్తులు సరిచూడాలి, ఎక్కువ తప్పులు అక్కడే.

• మాస్టర్‌ను, అంటే మార్చకుండా దాచే అసలు స్కాన్‌ను, టిఫ్‌లోనే (TIFF, నాణ్యత తగ్గకుండా దాచగల బొమ్మ ఫైలు రకం) ఉంచండి.