మీ అబ్బాయి డ్యాన్స్ నేర్చుకుంటానన్నాడా? వెక్కిరించేవాళ్లని ఇలా డీల్ చేయండి

మీ వాడు డ్యాన్స్ క్లాస్‌లో చేర్పించమని అడిగితే ఫస్ట్ మీ మొహం సంగతి చూసుకోండి, బయటివాళ్ల కంటే ముందు వాడు చూసేది దాన్నే. "సరే చూద్దాంలే" అని నీరసంగా అన్నారా, వాడికి అర్థమైపోతుంది, మళ్లీ అడగడు. ఏ డ్యాన్సు, ఎక్కడ చూశావ్, ఏం నచ్చింది అని మామూలుగా అడగండి.

తర్వాత చుట్టాలు. ఎవరో ఒకళ్లు "ఆడపిల్లలా ఆ గెంతులేంట్రా" అంటారు, గ్యారంటీ. అప్పుడు చాలామందిమి (నేనూ మొదట్లో ఇంతే) "అయ్యో డ్యాన్స్‌కి ఎంత కండబలం కావాలో తెలుసా, అది మగాళ్ల పనే" అని వాదనకి దిగుతాం. వినడానికి బానే ఉంటుంది గానీ ఆడపిల్లలా ఉండటం తక్కువేనని మనమే ఒప్పేసుకున్నట్టు కదా, పైగా రేపు వాడు మెత్తగా, సుకుమారంగా అభినయం చేస్తే అప్పుడేం చెప్తారు? "వాడికి ఇష్టమండి, నేర్చుకుంటున్నాడు" అనేసి టాపిక్ మార్చేయండి, అంతే.

అయినా వదలకపోతే చరిత్ర చెప్పండి. కూచిపూడి తరతరాలుగా ఆడింది మగవాళ్లే, ఆడవేషాలతో సహా. వేదాంతం సత్యనారాయణ శర్మగారికి అంత పేరొచ్చిందే సత్యభామ వేషంతో, అంటే అచ్చంగా ఆడపిల్లలా ఆడినందుకే. యూరప్‌వాళ్ల డ్యాన్స్ బ్యాలే సంగతి చూడండి, ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ స్వయంగా డ్యాన్సర్, 1661లో డ్యాన్స్ అకాడమీ పెట్టించాడు, పారిస్ ఆపెరా స్టేజీ మీద ప్రొఫెషనల్‌గా ఆడవాళ్లు డ్యాన్స్ చేయడం మొదలైందే 1681లో. మరి ఇది ఆడపిల్లల వ్యవహారం ఎప్పుడైందో వాళ్లనే చెప్పమనండి.

స్కూల్లో ఏడిపిస్తుంటే మాత్రం "పట్టించుకోకు" అని వదిలేయకండి, అది పని చేయదు. ఎవరు, ఏ రోజు, ఏమన్నారు అని రాసిపెట్టుకుని క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్లండి, ఉత్తినే "ఏడిపిస్తున్నారండి" అంటే తేలిగ్గా తీసుకుంటారు. డ్యాన్స్ క్లాస్‌లో ఇంకో అబ్బాయి ఉన్నాడేమో కూడా కనుక్కోండి, ఒక్క తోడుంటే చాలా తేడా.

ఇంకోటి, ఇంటికి ఎవరొచ్చినా "ఏదీ, ఒక స్టెప్పు వెయ్యరా" అనడం ఆపేయండి ప్లీజ్. వీడియోలు ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేముందు వాడిని అడగండి. వెక్కిరింపులకి సగం సరుకు మనమే ఇస్తాం.

పదమూడు పద్నాలుగేళ్లప్పుడు ఒక్కసారిగా పొడుగైపోతారు, అప్పుడు ఒళ్లు బిగుసుకుపోయి నిన్నటిదాకా వచ్చిన స్టెప్ కూడా తడబడుతుంది, "నాకు డ్యాన్స్ రాదు" అని మానేస్తానంటాడు, పక్కనోళ్లు కూడా "మేం ముందే చెప్పాం" అంటారు. అది ఎదుగుదల వల్ల వచ్చేదే, కొన్ని నెలలకి సర్దుకుంటుందని వాడికి ముందే చెప్పి ఉంచండి. ఆ టైమ్‌లో ఎగిరే స్టెప్పులు కాస్త తగ్గించమని టీచర్‌కి చెప్పండి, మోకాలి చిప్ప కింద నొప్పి అంటుంటే డాక్టర్‌కి చూపించండి.