సొంత దోనె – 7వ పాఠం: గాజుబట్ట పరచడం

గత పాఠంలో దోనె చెక్కకు వేయించిన తొలి ఎపాక్సీ పూతపై (రెసిన్ అనే చిక్కటి ద్రవంలో, దాన్ని గట్టిపరచే హార్డెనర్ కలిపి వేసేది) రెండు ఫిర్యాదులు వచ్చాయి: పూత నిండా బుడగలు లేచాయని కొందరు, మూడు రోజులైనా బంక వదలలేదని ఇంకొందరు. బుడగల తప్పు నాదే. ఏ వేళ వేయాలో చెప్పలేదు. పొద్దున చల్లగా ఉన్న చెక్క ఎండెక్కే కొద్దీ వేడెక్కి, లోపలి గాలి వ్యాకోచించి, తడి పూతను పొడుచుకొని బయటికి వస్తుంది. కనుక మధ్యాహ్నం మూడు దాటి, వేడి దిగుతున్నప్పుడు మొదలుపెట్టండి. అయితే కళింగపట్నం వంటి తీరపు ఊళ్ళలో రాత్రి తేమకు పూతపై సబ్బు వంటి జిడ్డు తేలవచ్చు. పని పాకలోనే సాగాలి, మర్నాడు నీళ్ళతో, పీచుతో కడిగాకే ఉప్పుకాగితం పట్టాలి.

బంక సంగతి మాత్రం నా తప్పు కాదు. ఫైబర్ తెప్పల పని చూసిన అలవాటుతో హార్డెనర్‌ను చేతివాటంగా పోశారు. ఆ తెప్పలకు సాధారణంగా వాడేది పాలియెస్టర్ రెసిన్. అందులో ఒకటి రెండు శాతం వేసే క్యాటలిస్ట్ పాలకు వేసే తోడు వంటిది, కాస్త అటూ ఇటూ అయినా గడ్డకడుతుంది. ఎపాక్సీలో హార్డెనర్ తోడు కాదు, పాలలో భాగమే. అది రెసిన్‌తో జతకట్టి గట్టి పదార్థంలో ఇమిడిపోతుంది. ఎక్కువైనది జత దొరకక మిగిలి పూతను మెత్తబరుస్తుంది. డబ్బాపై బరువు నిష్పత్తి 100:50 అని ఉంటే 100 గ్రాములకు 50 గ్రాములే. తొందరగా ఉందని 55 వేయడం లేదు, చలికాలమని 60 వేయడం లేదు, టీ గ్లాసుతో కొలవడం అసలే లేదు. తొందరైతే త్వరగా పనిచేసే హార్డెనరే కొనుక్కోవాలి. బంకపూతను చెక్క కనిపించేదాకా గీకి, అసిటోన్‌తో తుడిచి, మళ్ళీ వేయండి. దానిపైనే ఇంకొకటి పూస్తే అడుగున బంక అలాగే ఉంటుంది.

ఇక గాజుబట్ట. చదరపు మీటరుకు 200 గ్రాముల నేతబట్ట తీసుకోండి, నేయని గాజుపోగుల నారచాప వద్దు. చేతి తొడుగులు తప్పనిసరని వేరే చెప్పనక్కరలేదు. బోర్లించిన దోనెపై పొడిబట్ట పరచి, అరచేత్తో నడుమ నుంచి అంచులకు సర్దండి. ఒంటరిగా పనిచేసేవారు ఒక్కసారికి రెసిన్, హార్డెనర్ రెండూ కలిపి 150 గ్రాములకు మించి కలపకూడదు. కప్పులో ఉంచితే తన వేడికి తానే పొగలు కక్కుతుంది, కలిపిన వెంటనే బట్టపై ఒంపేయాలి. నడుమ మొదలుపెట్టి అణియం (ముందు కొస) వైపు, తరువాత అమరం (వెనుక కొస) వైపు సాగండి. రెసిన్‌ను తోయడానికి నేను పాత ఐస్‌క్రీం డబ్బా మూతను కోసుకుంటాను, కొన్నవాటికంటే అదే నయం.

తెల్లగా ఉన్నచోట రెసిన్ చాలలేదు. అద్దంలా మెరిసేచోట ఎక్కువై బట్ట తేలుతోంది. చెక్క రంగు కనిపిస్తూ, పొందూరు ఖద్దరులా నేత తెలుస్తూ, మెరుపు లేకుండా ఉండాలి. 4.5 మీటర్ల పొడవు, 1.25 మీటర్ల వెడల్పు బట్ట సుమారు 1.1 కిలోలు తూగుతుంది. దానిని తడపడానికి దాదాపు అంతే మిశ్రమం, అంటే ఏడెనిమిది కప్పులు.

అభ్యాసం: తొలి పూత వేసిన ప్లైవుడ్ చెక్కలు మూడు తీసుకొని బట్ట అంటించండి, అంటించే ముందూ తరువాతా తూచండి. రెసిన్ బరువు బట్ట బరువును దాటని చెక్క ఒక్కటైనా వచ్చేదాకా దోనె జోలికి వెళ్ళవద్దు.