పది మీటర్ల ఎయిర్ రైఫిల్ – 6వ పాఠం: మీ బారెల్‌కు నచ్చే పెల్లెట్

గత పాఠంతో ట్రిగ్గర్ దాకా వచ్చాం. నిలబడే తీరు, ఊపిరి, ట్రిగ్గర్ మూడూ కుదిరాక కూడా కార్డు మీద తూట్లు చెదురుతున్నాయంటే ఇక పెల్లెట్‌నే, అంటే ఎయిర్ రైఫిల్ కాల్చే చిన్న సీసపు గుండునే అనుమానించాలి. తుపాకీ తూటాల్లో మందు కొలిచి ఎవరికి వాళ్లు నింపుకునే అలవాటు కొన్ని దేశాల్లో ఉంది. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. ఎయిర్ రైఫిల్లో మందే ఉండదు కాబట్టి మనకు ఆ ప్రసక్తి రాదు. ఫ్యాక్టరీ చేసినదాంట్లోంచి సరైనది ఏరుకోవడమే మన పని.

ముందు లెక్క చూద్దాం. టార్గెట్ మీద 10 చుక్క వ్యాసం 0.5 మి.మీ., పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకితే 10.0 వస్తుంది. అంటే పెల్లెట్ నడిమధ్య, టార్గెట్ కేంద్రం నుంచి 2.5 మి.మీ. దాకా పక్కకు జరగవచ్చన్నమాట. అక్కడి నుంచి లోపలికి ప్రతి 0.25 మి.మీ.కీ 0.1 చొప్పున పెరిగి 10.9 దగ్గర ఆగుతుంది. రైఫిల్‌ను బిగించి కొట్టినా గ్రూప్ వెడల్పు (ఒకే గురికి కొట్టిన షాట్లలో అన్నిటికన్నా దూరంగా పడ్డ రెండింటి నడిమధ్యల ఎడం) 4 మి.మీ. వస్తోందంటే, మీ వైపు ఏ తప్పూ లేకుండానే అంచు షాట్లు 10.2కు పడిపోతాయి. అదే 2 మి.మీ. గ్రూప్ అయితే అంచు షాటు కూడా 10.6 ఇస్తుంది. 60 షాట్ల మ్యాచ్‌లో ఈ తేడాను ఎంత సాధన చేసినా పూడ్చలేం.

డబ్బా కొనేటప్పుడు మూడు విషయాలు చూడండి. పెల్లెట్ ముందు భాగం బల్లపరుపుగా ఉండాలి. సూది ముక్కు, గుండ్రటి ముక్కు పెల్లెట్లు కార్డును చింపుతాయే తప్ప శుభ్రమైన తూటు వేయవు. బరువు రైఫిల్‌కు 0.53 గ్రాముల దగ్గర ఉండాలి, అంతకన్నా తేలికవి పిస్టల్‌వి. మూడోది హెడ్ సైజు. డబ్బా మీద 4.48, 4.49, 4.50, 4.51 అని ముద్రించి ఉంటుంది. డమరుకంలా ఉండే పెల్లెట్‌కు ముందు చివర హెడ్, వెనక చివర స్కర్ట్. హెడ్ బారెల్ లోపలి గాడులను కొద్దిగా పట్టుకుని దారి చూపాలి, స్కర్ట్ గాలి ఒత్తిడికి విచ్చుకుని సందు మూసేయాలి. ఏ బారెల్‌కు ఏ సైజు నప్పుతుందో పైకి చూసి ఎవరూ చెప్పలేరు. పక్క లేన్‌లో అదే మోడల్ రైఫిల్ 4.50తో బాగా కొడుతోందని మీరూ అదే కొంటే డబ్బులు దండగ.

చాలామంది బంగారం కొట్లో వాడే త్రాసు లాంటిది తెచ్చుకుని ఒక్కో పెల్లెట్‌నూ తూచి వేరు చేస్తుంటారు. పది మీటర్లకు అదంత అవసరం లేదు. సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్లే పెల్లెట్ పది మీటర్లు దాటేలోపు దాదాపు 17 మి.మీ. కిందికి జారుతుంది. బరువులో 5 మిల్లీగ్రాముల తేడా ఉంటే, అంటే ఒక శాతం, వేగం అర శాతం మారుతుంది. దెబ్బ 0.17 మి.మీ. మాత్రమే జరుగుతుంది. అది ఒక్క దశాంశం కూడా కాదు. దాని బదులు వేగాన్ని క్రోనోగ్రాఫ్‌తో చూసుకోండి. షాటుకూ షాటుకూ మధ్య సెకనుకు 3 మీటర్ల తేడా ఉంటే దెబ్బ 0.6 మి.మీ. పైకో కిందికో పోతుంది. అప్పుడు పెల్లెట్‌ను కాదు, గాలి పీడనాన్ని సమంగా ఉంచే రెగ్యులేటర్‌ను చూపించాలి.

ఇక పరీక్ష. అకాడమీలో గానీ గచ్చిబౌలి రేంజ్‌లో గానీ వైస్ (దవడలతో బిగించి పట్టే పనిముట్టు) దొరికితే రైఫిల్‌ను రిసీవర్ దగ్గర, అంటే ట్రిగ్గర్ పైనుండే లోహపు భాగం దగ్గర బిగించండి. బారెల్‌కు గానీ గాలి సిలిండర్‌కు గానీ వైస్ దవడలు తగలకూడదు. వైస్ లేకపోతే స్టాక్ ముందు భాగం కింద ఒకటి, వెనక ఒకటి ఇసుక సంచులు పెట్టినా పని జరుగుతుంది, కాకపోతే గ్రూప్ కాస్త పెద్దదొస్తుంది. సిలిండర్ తగినంత నిండి ఉండాలి. దాని మీద తయారీ తేదీ చూసుకోండి, పదేళ్లు దాటినదాన్ని మ్యాచ్‌కే కాదు, సాధనకూ వాడొద్దు. కార్డు మార్చేటప్పుడు బోల్ట్ (పెల్లెట్ పెట్టే చోటును మూసే భాగం) తెరిచి, రైఫిల్ ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టాకే ముందుకు కదలాలి.

ఒక్కో బ్యాచ్‌తో మొదటి 10 షాట్లు లెక్కలోకి తీసుకోవద్దు. పాత పెల్లెట్ వదిలిన సీసం, పూత మీద కొత్తది సర్దుకోవడానికి ఆ మాత్రం పడుతుంది. తర్వాత 10 షాట్ల గ్రూపులు మూడు, వేర్వేరు కార్డుల మీద. 5 షాట్ల గ్రూపును నమ్మొద్దు. ఏ చెత్త బ్యాచ్ అయినా ఎప్పుడో ఒకసారి ఐదింటిని ఒకే తూట్లో దూరుస్తుంది. మూడు బ్యాచ్‌లుంటే ఒక వరుసలో కొట్టాక తిరగేసి మళ్లీ కొట్టండి. గాలి పీడనం, బారెల్ మురికి వల్ల వచ్చే మార్పు ఒక్క బ్యాచ్ నెత్తినే పడకుండా ఉంటుంది. కార్డుగా మందపాటి చార్ట్ పేపర్ తీసుకోండి. న్యూస్‌పేపర్ చిరిగిపోయి కొలతకు పనికిరాదు. బయటి అంచు నుంచి బయటి అంచుకు వెర్నియర్‌తో కొలిచి 4.5 తీసేస్తే గ్రూప్ వెడల్పు వస్తుంది.

తొమ్మిది ఒకచోట పడి ఒకటి పక్కకు పోతే "అది నా పొరపాటులే" అని కొట్టేయాలనిపిస్తుంది. కొట్టేయొద్దు. వైస్‌లో ఉన్న రైఫిల్‌కు చేయి వణకదు కదా. అలాంటి షాటు ఎక్కువసార్లు లోడింగ్ వల్లే వస్తుంది. పెల్లెట్ వంకరగా కూర్చున్నప్పుడు బోల్ట్ మూస్తే చేతికి చిన్న అడ్డు తగులుతుంది, స్కర్ట్ అంచు అర్ధచంద్రంలా నొక్కుకుపోతుంది. ఆ అడ్డు తగలగానే బోల్ట్ వెనక్కి లాగి, పెల్లెట్ తీసి పారేయండి. డబ్బాలో ముందే సొట్ట పడ్డవాటిని పట్టాలంటే గాజు పలకను కాస్త వాల్చి దాని మీద దొర్లించండి. మంచిది వంపు తిరుగుతూ నున్నగా పోతుంది, సొట్ట పడ్డది కుంటుతుంది.

సొట్టలు ఎక్కువగా దారిలోనే పడతాయి. బైక్ డిక్కీలో వేసుకుని స్పీడ్ బ్రేకర్ల మీదుగా మియాపూర్ నుంచి రేంజ్‌కు వచ్చేసరికి సగం ఖాళీ డబ్బాలో పెల్లెట్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. మూత కింద వచ్చే స్పాంజి చక్రం పారేయకండి, ఖాళీ పెరిగేకొద్దీ ఇంకో ముక్క కలపండి. వానాకాలం తేమకు సీసం మీద తెల్లటి పొడి లేస్తుంది. అలాంటి డబ్బాను వదిలేయాలే గానీ కడిగి వాడకూడదు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి పెడితే ఆ తిప్పలుండవు.

సీసం కడుపులోకి పోకూడదు. పెల్లెట్లు నోట్లో పెట్టుకునే అలవాటుంటే ఇవాళే మానండి. సెషన్ అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే చాయ్. పెల్లెట్లను ఆపే ట్రాప్ చుట్టూ చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, తడి గుడ్డతో తుడవాలి.

మూడు గ్రూపుల సగటు 2 మి.మీ. లోపు వచ్చిన బ్యాచ్ దొరికితే డబ్బా మీది లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన సరుకు గుర్తు) రాసుకుని, అదే నంబరువి ఒకేసారి కొనేయండి. పేరు, సైజు ఒకటే అయినా లాట్ మారితే పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది. డబ్బాకు 500 పెల్లెట్లు. రోజుకు 100 షాట్లు కొట్టేవాళ్లకు అయిదు రోజులు వస్తుంది. సాధనకు మామూలువి వాడి, ఈ లాట్‌ను మ్యాచ్‌లకు దాచుకున్నా సరే, ముందు గురి సరిచూసుకునే సైటింగ్ షాట్లు కలిపి మ్యాచ్‌కు 80 చొప్పున డబ్బా ఆరు మ్యాచ్‌లకు సరిపోతుంది.

వచ్చే పాఠం డయాప్టర్ సైట్‌ను, అంటే సన్న రంధ్రంలోంచి చూసే వెనక సైట్‌ను సర్దుకోవడం మీద. దానికి వచ్చేలోగా కనీసం రెండు హెడ్ సైజులతో మూడేసి గ్రూపులు కొట్టి, కార్డుల వెనక తేదీ, లాట్ నంబరు, సిలిండర్ పీడనం రాసి తీసుకురండి.