పాత చర్చి రాతప్రతిలో రెండో గొంతును పట్టుకోవడం ఎలా?

మధ్యయుగపు బహుస్వర సంగీతం (ఒకేసారి వేర్వేరు బాణీలు కలిపి పాడేది) అనగానే పారిస్ నోటర్‌డామ్ చర్చి, స్వరకర్త గియోమ్ ద మాషో లాంటి పెద్ద పేర్లే చెబుతారు. 14, 15 శతాబ్దాల్లో యూరప్‌లోని చాలా మఠాల్లో, చిన్న ఊళ్ల చర్చిల్లో ఇంకో పద్ధతి నడిచింది. ఒకరు ఎప్పటి చాంట్ (ఒకే బాణీలో సాగే చర్చి ప్రార్థన గానం) పాడుతుంటే, పక్కనున్నవారు స్వరానికి స్వరం చొప్పున జత కలిపేవారు. పాడువాకు చెందిన సిద్ధాంతకర్త ప్రొస్డోకిముస్ దీన్ని ‘కాంటుస్ ప్లానుస్ బినాటిమ్’ అన్నాడు, అంటే ఇద్దరుగా పాడే చాంట్. ఇందులో పాండిత్య ప్రదర్శన ఉండదు. అందుకే కేటలాగులు రాసినవాళ్లు కూడా చాలాసార్లు మామూలు చాంట్ అనుకుని దాటేశారు. కాస్త ఓపిక ఉంటే మీరు గుర్తుపట్టగలరు, పాడగలరు కూడా.

ముందు ఎక్కడ వెతకాలి

రాతప్రతుల ఫొటోలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. స్విట్జర్లాండ్ గ్రంథాలయాలకు ఈ-కోడిసెస్ వెబ్‌సైట్, బహుస్వర రచనలకు ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన డయామ్ వెబ్‌సైట్ మంచి చోట్లు. స్విస్ మఠం ఎంగెల్‌బెర్గ్‌లోని 314వ నంబరు రాతప్రతి, ఉత్తర ఇటలీలోని చివిదాలె ప్రతులు ఈ తరహా పాటలకు పేరున్నవి.

పుస్తకం తెరిచాక మొదటి పేజీ నుంచి తిప్పుకుంటూ పోవద్దు. ప్రార్థన చివర వచ్చే ‘బెనెడికామస్ డోమినో’, క్రిస్మస్ పఠనాలు, మాస్ ప్రార్థనలోని క్రెడో (విశ్వాస ప్రకటన), సాంక్టుస్ (‘పరిశుద్ధుడు’ స్తుతి) ఉన్న చోట్లకు వెళ్లండి. రెండో గొంతు ఎక్కువగా పండగ రోజుల పాటలకే కలిపేవారు. పోప్ 22వ జాన్ 1320ల మధ్యలో అవిన్యాన్ నుంచి కొత్త ఫ్యాషన్ సంగీతాన్ని గట్టిగా తిట్టాడు. అయినా పండగల్లో చాంట్ మీద అష్టమం, పంచమం, చతుర్థం (ఎనిమిదో, అయిదో, నాలుగో స్వరం దూరంలోని జతలు) కలపడాన్ని ఒప్పుకున్నాడు. ఇక పుస్తకం చివర మిగిలిన ఖాళీ పేజీలను, అంచులను తప్పకుండా చూడండి. తర్వాతి కాలపు చేతిరాతలో ఇలాంటి పాటలు అక్కడే ఇరికించి ఉంటాయి.

తర్వాత రాత పద్ధతి గుర్తించాలి

ఇదే అసలు పని. రెండు గొంతులను మూడు రకాలుగా రాశారు. ఒకటి, గీతల వరుసలు ఒకదాని మీద ఒకటి ఉండి, సాహిత్యం కింద ఒక్కసారే రాసి ఉంటుంది. ఇది సులువు. రెండోది, ఒకే గీతల మీద నల్ల సిరాతో ఒక గొంతు, ఎర్ర సిరాతో ఇంకోటి. నలుపు తెలుపు స్కాన్ అయితే ఇది కంట్లో పడదు, కాబట్టి రంగుల ఫొటోనే చూడండి. మూడోది మోసం చేసేది: ముందు ఒక గొంతు మొత్తం, ఆ తర్వాత రెండోది మొత్తం. చూడటానికి ఒకే సాహిత్యానికి రెండు వేరు బాణీలు ఉన్నట్టే ఉంటుంది.

అనుమానం వస్తే అక్షరం అక్షరానికి స్వరాలు లెక్కపెట్టండి. ఒక బాణీలో ‘డోమినో’లోని ‘డో’ అక్షరం మీద నాలుగు స్వరాలు, రెండో దానిలోనూ నాలుగు, ఇలా వరుసగా కలుస్తూ పోతే అవి జంట గొంతులు కావచ్చు. ఎక్కడో ఒక స్వరం తేడా వస్తే కంగారు పడొద్దు. రాసేవాడు ఒకటి వదిలేయడం మామూలే. ఆ అక్షరం దాటగానే మళ్లీ కలుస్తుందేమో చూడండి.

ఇప్పుడు సరిగమల్లోకి మార్చుకోండి

గీతల మొదట్లో సి అక్షరంలాంటి గుర్తు ఏ గీత మీద ఉంటే అది స. ఎఫ్ గుర్తు ఉంటే ఆ గీత మ. మిగతావి శంకరాభరణం మెట్లే. అప్పట్లో స్థిరమైన శ్రుతి లేదు కాబట్టి మీ గొంతుకు నప్పిన శ్రుతి పెట్టుకోవచ్చు. రెండు గొంతులనూ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాయండి. స-ప, రి-ద, మ-పై స లాంటి పంచమాలు, ఒకే స్వరం మీద కలవడాలు, అష్టమాలు తరచుగా కనిపించాలి. ఎక్కడ చూసినా పక్క పక్క స్వరాలే ఢీకొంటుంటే గీతల గుర్తు తప్పు చదివారన్నమాట. వరుస మారినప్పుడు గుర్తు కూడా స్థలం మారవచ్చు.

కాకలి నిషాదం, మధ్యమం ఎదురెదురు పడితే జత కటువుగా ఉంటుంది. అప్పటి గాయకులు రాసి లేకపోయినా నిషాదాన్ని తగ్గించి కైశికిగా పాడటం ఉండేది. మీరూ అలాగే చేయండి.

చివరగా పాడటం

రెండు గొంతులూ ఒకే ఎత్తులో తిరుగుతూ తరచూ ఒకదాన్నొకటి దాటుతాయి. ఒకటి పైకి వెళితే రెండోది కిందికి దిగుతుంది. కాబట్టి ఒకే రకం గొంతులున్న ఇద్దరు పాడాలి. తాళం వేయొద్దు, మాటల నడకే లయ. పాదం చివర ఇద్దరూ కలిసి ఆగి, కలిసి ఊపిరి తీసుకోండి. వజ్రం ఆకారపు స్వరాలు, తోకలు కనిపిస్తే మాత్రం హ్రస్వ దీర్ఘాలు ఉన్నట్టు. ‘క్రెడో కార్డినాలిస్’ అలాంటిదే, చాలా ప్రతుల్లో రెండో గొంతుతో దొరుకుతుంది. పాట పెద్దది, అందుకే ముందు రెండు మూడు బెనెడికామస్‌లు అయ్యాకే దాని జోలికి వెళ్లండి.