నిత్య వ్యవహారంలో ఇంగ్లీషు జాతీయాలు – 6: రైలు నుంచి వచ్చిన మాటలు

గత పాఠంలో ఓడ నావికుల నుంచి వచ్చిన జాతీయాలు చూశాం. ఈసారి రైలు. విజయవాడ జంక్షన్ చుట్టుపక్కల పెరిగినవారికి ఇది సులువుగానే ఉండాలి. షంటింగ్, లూప్ లైను (వేరే బండికి దారి ఇవ్వడానికి ఒక బండిని నిలిపే పక్క పట్టా), ఔటర్ వంటి మాటలు ఇక్కడ రైల్వే ఉద్యోగి లేని ఇళ్లలో కూడా వినిపిస్తాయి.

ఆవిరితో మొదలుపెడదాం. 1830లో లివర్‌పూల్, మాంచెస్టర్ల మధ్య ఆవిరి రైళ్లు నడవసాగాయి. ఆ ఇంజన్ల బాయిలర్‌లో ఒత్తిడి హద్దు మీరితే సేఫ్టీ వాల్వు తెరుచుకుని కొంత ఆవిరి బయటికి పోతుంది. పోకపోతే బాయిలర్ పేలుతుంది. 'లెట్ ఆఫ్ స్టీమ్' అన్నప్పుడు ఈ దృశ్యం కళ్లముందు ఉండాలి. లోపల పేరుకున్న కోపమో, ఉత్సాహమో ఎవరికీ హాని లేకుండా బయటికి పోవడం అని దాని భావం. పరీక్షలు ముగిసిన పిల్లలు కృష్ణ ఒడ్డున కేకలు పెడుతూ పరుగెడితే ఈ మాట చక్కగా అతుకుతుంది. అధికారి గుమాస్తాను పట్టుకుని దులిపేస్తే అంతగా అతకదు, అక్కడ దెబ్బ తగిలినవాడు ఒకడున్నాడు కదా.

'రన్ ఔట్ ఆఫ్ స్టీమ్' దీనికి దాదాపు ఎదురు. ఆవిరి అయిపోయి బండి నెమ్మదించడం. పొద్దున జోరుగా మొదలైన మిర్చి బేరాలు మధ్యాహ్నానికి చప్పబడితే ఇలా అనవచ్చు. క్రికెట్ రనౌట్‌కూ దీనికీ సంబంధం లేదు. నిన్నటి సంగతి చెబితే 'రాన్' అవుతుంది, అంతే. మిగతా మాటలను కదపకండి. 'స్టీమ్' ముందు 'ద' పెట్టినా, దాన్ని బహువచనం చేసినా జాతీయం చెడుతుంది.

ఇక నా లెక్కలో ఈ పాఠానికి గుండెకాయ 'ఆన్ ట్రాక్'. మన పత్రికలు 'పథకం పట్టాలెక్కింది' అని రాస్తాయి. ఆగి ఉన్న పని మొదలైందని అర్థం. 'ఆన్ ట్రాక్' అంటే అది కాదు. అప్పటికే నడుస్తున్న పని అనుకున్న వేళకు, అనుకున్నట్టే సాగుతోందని. శంకుస్థాపన నాడే మీరు ఆ మాట వాడితే వినేవాడు సగం పని అయిపోయిందనుకుంటాడు. గాడి తప్పిన పని మళ్లీ దారికి వస్తే 'బ్యాక్ ఆన్ ట్రాక్'. 'ఆఫ్ ద రెయిల్స్' మాత్రం పనులకే కాదు, మనుషులకూ వాడతారు. నడవడి అదుపు తప్పిందని.

'సైడ్‌ట్రాక్‌డ్' అంటే అసలు విషయం వదిలి పక్కదారి పట్టడం. ప్రాధాన్యం లేని కుర్చీకి బదిలీ అయిన అధికారిని మనవాళ్లు 'లూప్ లైన్లో వేశారు' అంటారు. అచ్చమైన రైలు జాతీయమే, నాకు ఇష్టమైనదీనూ. కానీ లండన్‌లో ఎవరికీ బోధపడదు. అక్కడివారికి ఉత్తరం రాసేటప్పుడు దాన్ని వాడకండి.

అభ్యాసం. వీటికి సరైన జాతీయం పట్టి, ఒక్కో వాక్యం ఇంగ్లీషులో రాయండి:

గుంటూరు పెళ్లి ఖర్చుల గురించి మొదలైన మాటలు వధువు మేనమామ స్థలం తగాదాలోకి మళ్లాయి.

నెలరోజులు ఆగిన ఇంటి పని మేస్త్రీ తిరిగి రావడంతో మళ్లీ సవ్యంగా సాగుతోంది.

కొత్త సంవత్సరంలో మొదలుపెట్టిన ఉదయపు నడక సంక్రాంతికల్లా నీరుగారిపోయింది.

జవాబులు ఏడో పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠంలో క్రికెట్ మైదానం నుంచి వచ్చిన జాతీయాలు చూద్దాం.