బొమ్మలు, చార్టులు ప్రెస్సుకి ఇచ్చేముందు జాగ్రత్తలు

శ్రీకాకుళం, విజయనగరం మీద పుస్తకమైతే ముందు మ్యాపు సంగతి చూడండి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. శ్రీకాకుళం జిల్లాలోని పాలకొండ అందులోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. 2011 జనాభా లెక్కల చార్టు పక్కన కొత్త హద్దుల మ్యాపు పెడితే రెండింటికీ పొంతన కుదరదు. అంకెలు ఏ హద్దులవో చార్టు కిందే రాయండి.

– ఫొటో అచ్చయ్యే సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. అంటే 4 అంగుళాల వెడల్పుకి 1200 పిక్సెళ్లు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపండి.
– గీతల బొమ్మ స్కానింగు: 600 నుంచి 1200 డీపీఐ.
– నలుపు-తెలుపు అచ్చులో ఎరుపు, ఆకుపచ్చ దాదాపు ఒకే బూడిద రంగులో పడతాయి. చారలు, చుక్కలు వాడండి.
– ప్రెస్సువాళ్ల దగ్గర మీ తెలుగు ఫాంటు లేకపోతే వత్తులు చెదురుతాయి. ఫాంటు ఎంబెడ్ చేసిన (ఫైల్లోనే కలిపేసిన) పీడీఎఫ్, దాంతో ఒక కాగితం ప్రింటూ ఇవ్వండి.
– ‘పక్క పేజీలో బొమ్మ’ అనొద్దు, ‘బొమ్మ 3.2’ (మూడో అధ్యాయంలో రెండో బొమ్మ) అనండి.