15 ఏళ్లు నిండిన కారు: ఆర్‌సీ రెన్యూవల్‌కు దరఖాస్తు ఎలా చేయాలి?

ఇంట్లో పాత సెడాన్ ఉంటే ముందు ఆర్‌సీ బయటికి తీసి, రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా చెల్లుతుందో చూడండి. సొంత వాడకం కార్లకు అది రిజిస్టరైన రోజు నుంచి 15 ఏళ్లు. ఆ తర్వాత రెన్యూవల్ చేయించుకుంటే మరో ఐదేళ్లు.

"లైఫ్ ట్యాక్స్ కట్టేశాం, మళ్లీ ఏంటి?" అనే మాట చాలామంది నోట వింటుంటాం. మేమూ అలాగే అనుకున్నాం. లైఫ్ ట్యాక్స్ రాష్ట్రానికి కట్టే పన్ను. రిజిస్ట్రేషన్ అంటే ఆ బండి రోడ్డు మీద తిరగొచ్చన్న అనుమతి. పన్ను ఒకసారి కట్టినంత మాత్రాన అనుమతి జీవితాంతం ఉండదు. గడువు తీరిన ఆర్‌సీతో తిరుగుతూ పట్టుబడితే మొదటిసారి 5,000 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. అంతకంటే పెద్ద చిక్కు బీమా దగ్గర వస్తుంది. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు దాటిన కారు చోరీకి గురైతే, బీమా కంపెనీ క్లెయిమ్ ఇవ్వనక్కర్లేదని 2021లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

దరఖాస్తు ఫారం నంబరు 25. గడువుకు 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ఆలస్యమైతే కార్లకు నెలకు 500 చొప్పున అదనంగా పడుతుంది. అసలు ఫీజు 2022 ఏప్రిల్ 1 దాకా 600 రూపాయలే, ఆ రోజు నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టు సవరణతో 20 ఏళ్లు దాటిన కారుకు 10,000 చేశారు. స్మార్ట్ కార్డుకు మరో 200. పాత బండ్ల మీద కాలుష్యం పేరుతో రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్ వీటికి అదనం, అది ఎంతో ఆన్‌లైన్‌లో కట్టేటప్పుడు లెక్కలోనే కనిపిస్తుంది.

ఇవన్నీ కట్టే ముందు బండిని నమ్మకమైన షెడ్డుకు తీసుకెళ్లండి. మా 2010 మోడల్ పెట్రోల్ సెడాన్ విషయంలో మేం చేసిన తప్పు ఇదే. ఫీజు ముందు కట్టి, బండి తర్వాత చూపించాం. ఇంజిన్ గడియారంలా నడుస్తోంది కాబట్టి ఢోకా లేదనుకున్నాం. తీరా చూస్తే సస్పెన్షన్ బుష్‌లు పూర్తిగా అరిగిపోయాయి, రేడియేటర్ గొట్టాలు పగుళ్లిచ్చాయి, బ్యాటరీ చివరి దశలో ఉంది. టైర్ల మీద గీతలు బాగానే ఉన్నా రబ్బరు గట్టిపడిపోయింది. టైరు పక్కన చివరి నాలుగంకెలు చూస్తే వయసు తెలుస్తుంది: 1417 అని ఉంటే 2017లో 14వ వారం తయారైనదన్నమాట. అన్నీ కలిపి 42 వేలు దాటింది. దాని ముందు ఐదు వేల ఫీజు ఓ లెక్కా!

పాత కార్లలో ఇంజిన్ కంటే ముందు పోయేవి రబ్బరు, ప్లాస్టిక్, వైర్లు. తక్కువ తిరిగిన కారు అని సంబరపడేవాళ్లు ఇది గమనించాలి. ఏళ్ల తరబడి సెల్లార్‌లో నిలబడిన బండికి కిలోమీటర్లు పెరగవు గానీ గొట్టాలకు వయసు పెరుగుతూనే ఉంటుంది. ఇంకోటి, కంపెనీ మన దేశంలో ఇంకా ఉందా అన్నది. షెవర్లే 2017 చివర్లో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో ఇక్కడి తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆ బండ్లు మంచివే. కానీ ఒక హెడ్‌లైట్ కోసమో, డోర్ లాక్ కోసమో వారాలు ఆగే ఓపిక ఉంటేనే మరో ఐదేళ్లు పొడిగించుకోండి.

షెడ్డు లెక్క తేలి, బండి ఉంచుకుందాం అనుకున్నాక కాగితాలు చూడాలి. ఒరిజినల్ ఆర్‌సీ, గడువు ఉన్న పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్, ఓనరు ఆధార్, చిరునామా రుజువు ఉండాలి. పాత కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ అక్కర్లేదనుకున్నా థర్డ్ పార్టీ తప్పనిసరి. 2022లో ఖరారైన రేటు ప్రకారం 1000 నుంచి 1500 సీసీ లోపు కారుకు ఏడాదికి 3,416 రూపాయలు, పైన జీఎస్టీ. ఇంజిన్ 1500 సీసీ దాటితే 7,897. అందుకే 1.6 లీటర్ల (అంటే దాదాపు 1600 సీసీ) సెడాన్ చవగ్గా దొరికిందని తొందరపడకండి. పెండింగ్ చలాన్లు కూడా ముందే కట్టేయండి.

కారు లోన్ ఎప్పుడో తీరిపోయినా ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు అలాగే ఉండిపోవడం మామూలే. బ్యాంకు నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 తెచ్చి ఆ పేరు తీయించండి. సెకండ్ హ్యాండ్‌లో కొని పేరు మార్చుకోనివాళ్లకు తిప్పలు ఎక్కువ, ఎందుకంటే దరఖాస్తు చేయాల్సింది ఆర్‌సీలో పేరున్న ఓనరే. ముందు ఫారం 29, 30లతో పేరు మార్పించుకోవాలి. ఓనరు చనిపోతే 30 రోజుల్లో రవాణా శాఖ ఆఫీసుకు తెలిపి, మూడు నెలల్లో ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్చుకోవాలి.

తెలుగువాళ్లకు మాత్రమే ఉన్న ఒక తికమక గురించి కూడా చెప్పాలి. ఇప్పుడు 15 ఏళ్లు నిండుతున్న కార్లు 2014 జూన్ 2కు ముందువి. కాబట్టి రెండు రాష్ట్రాల్లోనూ వాటి నంబరు ఏపీతోనే మొదలవుతుంది. ఏపీ 09 అంటే హైదరాబాద్, ఏపీ 28 అంటే రంగారెడ్డి, ఏపీ 36 వరంగల్. వీటి రికార్డులు తెలంగాణలో ఉంటాయి. ఏపీ 16 కృష్ణా జిల్లాది, ఏపీ 31 విశాఖది. విజయవాడలో ఉంటూ ఏపీ 28 కారు కొన్నాయన "నంబరు ఏపీయే కదా" అని ధీమాగా ఉంటే కుదరదు. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఎన్‌వోసీ తెచ్చుకుని, కొత్త నంబరు తీసుకోవాలి. అక్కడ లైఫ్ ట్యాక్స్ లెక్క మళ్లీ మొదలవుతుంది. ఇలాంటి బండి కొనేముందే ఈ ఖర్చు బేరంలో కలపండి.

కాగితాలు సరిగ్గా ఉంటే ఆన్‌లైన్ పని పెద్ద టెన్షన్ కాదు. రవాణా శాఖ వెబ్‌సైట్‌లో బండి నంబరుతో రెన్యూవల్ ఎంచుకుని, ఆర్‌సీకి లింకైన ఫోనుకు వచ్చే ఓటీపీ కొట్టి, ఫీజు కట్టి, స్లాట్ తీసుకోవాలి. పాత ఫోన్ నంబరు ఎప్పుడో వదిలేసి ఉంటే అది మార్పించుకోవడంతోనే ఒక రోజు పోతుంది.

స్లాట్ రోజు బండి స్వయంగా తీసుకెళ్లాలి. మనం బ్రేకు ఇన్‌స్పెక్టర్ అని పిలిచే అధికారి ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో పోల్చి చూస్తారు. పదిహేనేళ్ల మట్టి, తుప్పు కింద ఆ అంకెలు కనపడకపోతే ఆగిపోతారు కాబట్టి ముందురోజే శుభ్రం చేయించండి. తర్వాత బ్రేకులు, హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, హారన్, వైపర్లు, టైర్లు. మా బండి మొదటిసారి వెనక్కి వచ్చింది హ్యాండ్ బ్రేకు పట్టకపోవడం వల్ల. కేబుల్ బిగిస్తే సరిపోయే పని, దానికోసం ఇంకో పూట సెలవు పెట్టాల్సి వచ్చింది. రంగు మార్పించినా, గ్యాస్ కిట్ బిగించినా ఆర్‌సీలో ఎక్కి ఉండాలి.

షెడ్డు లెక్క బండి ధరను దాటేస్తే రెన్యూవల్ ఆలోచన మానేయడమే మేలు. అప్పుడు కారును ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో కొత్త కారుకు రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని కేంద్ర నిబంధన చెబుతోంది. వీధి చివర పాత సామాన్ల కొట్టుకు తూకానికి అమ్మితే చేతికి ఓ వెయ్యి ఎక్కువ రావచ్చు. కానీ రికార్డుల్లో బండి ఇంకా మీ పేరు మీదే ఉంటుంది. బండి పనికిరాకుండా పోయిన 14 రోజుల్లో ఆఫీసుకు తెలిపి, ఆర్‌సీ అప్పగించి రద్దు చేయించుకోవాలి.